బొగ్గు డైనోసార్ల నుంచి వచ్చిందా? గోదావరి లోయ రాళ్ళు, వాటిల్లో దాగిన జీవుల లెక్క

సౌమ్య_బీజెడ్‌సీ:
అందరికీ నమస్తే. నిన్న ఒక రీల్ చూశాను, డైనోసార్లు చచ్చి భూమిలో కూరుకుపోయి బొగ్గు అయ్యాయి, సింగరేణి బొగ్గు అదే అని చెప్తున్నాడు, కింద కామెంట్లలో అందరూ వావ్ అంటున్నారు. నేను డిగ్రీ సెకండియర్, మాకు ఎవల్యూషన్ పాఠం ఉంది కానీ అందులో రాళ్ళ గురించి రెండు పేజీలే, జియాలజీ చదివే మా ఫ్రెండ్‌ని అడిగితే వాళ్ళకి ఫాసిల్స్ పేపర్ ఉంది కానీ ఆ జీవి ఎలా బతికిందో చెప్పేది తక్కువంట. ఇద్దరం కలిసి కూడా ఆ రీల్‌కి సరైన సమాధానం చెప్పలేకపోయాం. బొగ్గు ముందా డైనోసార్ ముందా? ఎలా తెలుస్తుంది? అమెరికా, చైనా ఉదాహరణలు కాకుండా మన దగ్గర చూపించగలిగే ఆధారాలు ఏమైనా ఉన్నాయా?

గనిబిడ్డ:
మాది గోదావరిఖని, మా బాపు బొగ్గు బాయిల చేసిండు, నేను ఓపెన్ కాస్ట్‌ల సర్వే సైడ్ చేస్తున్న. చెల్లే, బొగ్గు చెట్ల నుంచి వచ్చింది, డైనోసార్ల నుంచి కాదు. సీమ్ అంటే బొగ్గు పొర, దాని మీద, సీమ్‌కి సీమ్‌కి నడుమ షేల్, అంటే గట్టిపడ్డ బురద రాయి ఉంటది కదా, ఆ షేల్ పలక పొరపొరగ విడగొడితే ఆకుల అచ్చులు కనవడ్తయ్, నాలుక లెక్క పొడుగు ఆకు, నడుమ గట్టి ఈనె, అటిటు వల లెక్క సన్న ఈనెలు. ఓబీ డంపుల మీద, అంటే బొగ్గు మీది మట్టి తీసి పోసిన గుట్టల మీద, వానలు పడ్డంక చూస్తే ఇంకా మంచిగ దొర్కుతయ్. మా దగ్గర పాత మైనర్లందరికీ తెల్సు, పేరు తెల్వకున్నా ఆకు అని తెల్సు.

రాతిపొరలు:
గనిబిడ్డ గారు చెప్పిన ఆకు గ్లాసోప్టెరిస్. నేను జియాలజీ లెక్చరర్‌ని, గోదావరి లోయలో ఫీల్డ్ వర్క్ చేశాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సౌమ్యా, నీ ప్రశ్నకి జవాబు గోదావరి లోయలోనే వరసగా పేర్చి ఉంది. ఆదిలాబాద్, చంద్రపూర్ వైపు నుంచి మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం మీదుగా కిందికి వచ్చే ఈ పట్టీ మొత్తం ఒకప్పుడు భూమి పెంకు సాగి, పగిలి, మధ్యలో దిగబడిన చోటు. మేము రిఫ్ట్ అంటాం. దిగబడుతున్న చోట ఇసుక, బురద, ఆకులు, ఎముకలు అన్నీ చేరి ఒకదాని మీద ఒకటి పూడిపోతాయి, ఎత్తుగా ఉన్న చోట ఏం చచ్చినా ఎండకి వానకి పోతుంది. అందుకే హైదరాబాద్ గ్రానైట్ గుట్టల్లో శిలాజం వెతకడం దండగ, మంచిర్యాల జిల్లాలో వెతకడం లాభం. జీవుల చరిత్రలో ఏ పేజీ మిగలాలి ఏది పోవాలి అన్నది ముందు భూమి కదలికలే నిర్ణయించాయి, ఎవల్యూషన్ చదివే పిల్లలకి ఈ ఒక్క విషయం మొదటి రోజే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు వరస. అన్నిటికంటే అడుగున తాల్చేర్ పొర, అది మంచు యుగం పొర. గుండ్రాళ్ళు, సన్న బురద కలిసిపోయి ఉంటాయి, హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలినవి. చంద్రపూర్ దగ్గర ఇరాయ్ వద్ద సున్నపురాయి మీద మంచు రాసుకుపోయిన గీతలు 1870ల్లోనే జీఎస్ఐ, అంటే భారత భూగర్భ సర్వే వాళ్ళు గుర్తించారు. ఇప్పుడు మే నెలలో 47 డిగ్రీలు కొట్టే చంద్రపూర్! అప్పట్లో మన నేల, దక్షిణాది ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానాలో భాగంగా దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది. దాని పైన బరాకర్ పొర, అదే మన బొగ్గు. పర్మియన్ కాలం, 29.9 నుంచి 25.2 కోట్ల ఏళ్ళ క్రితం మధ్యది. మొదటి డైనోసార్లు భూమ్మీద కనిపించేది సుమారు 23 కోట్ల ఏళ్ళ క్రితం. అంటే సింగరేణి బొగ్గు తయారీ మొదలయ్యేనాటికి డైనోసార్ రావడానికి ఇంకా కోట్ల ఏళ్ళు ఉంది. ఆ రీల్ చేసినాయన కనీసం వరస అయినా చూసుకుని ఉండాల్సింది.

గనిబిడ్డ:
మేడం మంచు సంగతి నాకు ఇప్పుడే తెల్సింది. మరి గంత చలి దేశంల గన్ని చెట్లు ఎట్ల పెరిగినయ్? మా దగ్గర కొన్ని సీమ్‌లు చాలా మందం ఉంటయ్.

రాతిపొరలు:
మంచి ప్రశ్న అండి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ పల్లంలో నీళ్ళు నిలిచాయి, చిత్తడి అడవులు లేచాయి. గ్లాసోప్టెరిస్ చలి ప్రాంతపు చెట్టే, శిశిరంలో ఆకులు రాల్చేసేది, అందుకే షేల్‌లో ఆకులు చాప పరిచినట్టు గుట్టలుగా దొరుకుతాయి, దాని కాండంలో ఏడాది ఏడాదికీ వలయాలు స్పష్టంగా ఉంటాయి. వేర్లలో గాలి గదులు ఉన్నాయి, వెర్టెబ్రేరియా అంటాం ఆ వేరు శిలాజాన్ని, నీళ్ళు నిలిచిన బురదలో ఊపిరాడ్డానికి. ఇది పూర్తిగా బోటనీ వాళ్ళు చెప్పగలిగిన విషయం, జియాలజిస్టు ఒక్కడే అయితే ఆ వేరు అచ్చు చూసి ఏదో చిత్రమైన గుర్తు అనుకుని వదిలేసేవాడు.

నీళ్ళు నిలిచిన చోట ఆక్సిజన్ అందదు కాబట్టి ఆకు, కొమ్మ పూర్తిగా కుళ్ళదు, పీట్‌గా మిగులుతుంది. అడుగున నేల దిగబడుతూనే ఉంది కాబట్టి పీట్ మీద పీట్ చేరింది, తర్వాత నదులు ఇసుక తెచ్చి కప్పాయి, మళ్ళీ అడవి, మళ్ళీ ఇసుక. మీరు గనిలో చూసే సీమ్, ఇసుకరాయి, షేల్, మళ్ళీ సీమ్ అన్న వరస అదే. నేల అంతకంటే తొందరగా దిగి ఉంటే అడవి మునిగి చెరువయ్యేది, ఆలస్యంగా దిగి ఉంటే పీట్ గాలికి కుళ్ళిపోయేది. చెట్టు పెరిగే వేగం, నేల దిగే వేగం రెండూ సరిపడినప్పుడే మందం సీమ్ వస్తుంది.

జువాలజీ_మాస్టారు:
బోటనీ వాళ్ళకి ఇంకో గొప్ప ఉంది ఇక్కడ. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్ళు దొరికాయి, ఆకలితో చలితో నడవలేని స్థితిలో కూడా వాళ్ళు అవి పారెయ్యలేదు. ఆ రాళ్ళలో గ్లాసోప్టెరిస్ ఉంది. మన గోదావరిఖని షేల్‌లో ఉన్న ఆకు, అంటార్కిటికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో. ఈ చెట్టు గింజలు సముద్రం దాటేంత తేలికైనవి కావు అని వాదించి, కొందరు శాస్త్రవేత్తలు ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండాలి అన్నారు. సముద్రం అడుగున పెంకు విస్తరిస్తోందని కొలిచి చూపించింది 1960ల్లో, అంతకు దశాబ్దాల ముందే ఆకు సాక్ష్యం చెప్పింది.

సౌమ్య_బీజెడ్‌సీ:
అమ్మో ఇంత ఉందా. మేడం, బొగ్గు తర్వాత ఏమైంది మరి? చెట్లు అంత బాగా పెరుగుతుంటే బొగ్గు ఎందుకు ఆగిపోయింది? పైన కూడా ఉండాలి కదా సీమ్‌లు.

రాతిపొరలు:
నేను ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను.

25.2 కోట్ల ఏళ్ళ క్రితం సైబీరియాలో లావా పొంగింది, ఒక కొండ పేలడం లాంటిది కాదు, పగుళ్ళ నుంచి లక్షల ఏళ్ళ పాటు, లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ మాగ్మా పైకి వస్తూ వస్తూ దారిలో ఉన్న బొగ్గు పొరల్ని, ఉప్పు పొరల్ని కాల్చింది, దాంతో కార్బన్ డయాక్సైడ్, విష వాయువులు ఇంకా ఎక్కువ గాల్లో కలిశాయి. భూమి వేడెక్కింది, సముద్రాల్లో ఆక్సిజన్ పడిపోయింది, నీళ్ళలో ఆమ్ల గుణం పెరిగింది. సముద్ర జాతుల్లో 80 నుంచి 90 శాతం పోయాయని అంచనా. ఇంత పెద్ద వినాశనం అంతకు ముందు లేదు తర్వాత లేదు. గ్లాసోప్టెరిస్ అడవులు కూడా అప్పుడే పోయాయి.

పీట్ పెట్టే అడవి పోతే బొగ్గు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రపంచం మొత్తం మీద ట్రయాసిక్, అంటే పర్మియన్ తర్వాతి కాలం మొదట్లో దాదాపు కోటి ఏళ్ళ పాటు బొగ్గు పొర అన్నదే లేదు. మా సబ్జెక్టులో దీన్ని కోల్ గ్యాప్ అంటాం. మన లోయలో కూడా బొగ్గు పొరల మీద కామ్తీ ఇసుకరాళ్ళు, ఆ పైన ఎర్రపల్లి, భీమారం, మాలేరి పొరలు, ఇవన్నీ ఎక్కువగా ఎర్ర బంకమట్టి రాళ్ళు, ఇసుకరాళ్ళు. నల్లటి షేల్ పోయి ఎర్ర మట్టి వచ్చింది అంటే నీళ్ళు నిలవని, తడి పొడి కాలాలు మారే నేల, ఇనుము గాలికి తుప్పు పట్టిన నేల. చెన్నూరు వైపు వెళ్ళి నిలబడితే రంగుతోనే తేడా తెలుస్తుంది.

ఇక ఆ ఎర్ర మట్టిలో ఎముకలు! ఎర్రపల్లి పొరలో వాడియాసారస్, పెద్ద పంది సైజు దాటి ఉండే శాకాహారి, డైనోసార్ కాదు, మన క్షీరదాల వైపు వంశానికి దగ్గరది. వినాశనాన్ని దాటి వచ్చిన కొద్ది వంశాల్లో అదొకటి. డి.ఎన్. వాడియా అనే మన జియాలజిస్టు పేరునే దానికి పెట్టారు. మాలేరి పొరలో హైపరోడపెడాన్ అని చిలక ముక్కు లాంటి మూతి ఉన్న సరీసృపం, అదే ప్రజాతి స్కాట్లాండ్‌లో కూడా దొరికింది, అప్పటికి ఖండాలన్నీ ఒకే ముద్దగా ఉన్నాయి కాబట్టి నడిచే వెళ్ళాయి. అదే మాలేరిలో ఆల్వాకేరియా అనే చిన్న తొలి డైనోసార్ కూడా ఉంది. కాబట్టి సౌమ్యా, మన లోయలో డైనోసార్ మొదట కనిపించేది బొగ్గు పొరకి చాలా పైన, ఎర్ర మట్టిలో.

డల్లాస్_నుంచి:
సూపర్ థ్రెడ్. చిన్నప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం చూశా, అది ఇక్కడిదేనా? ప్లాస్టిక్ బొమ్మ అనుకునేవాళ్ళం.

జువాలజీ_మాస్టారు:
అది కోటసారస్ అండి, అసలు ఎముకలతో నిలబెట్టింది. యామన్‌పల్లి దగ్గర, మాలేరికి పైన ఉండే కోట పొరలో జీఎస్ఐ వాళ్ళు తవ్వారు, 1988లో యాదగిరి గారు పేరు పెట్టి వర్ణించారు, పూర్తి పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాదాపు 9 మీటర్ల పొడవు. అదే కోట పొరలో పోచంపల్లి దగ్గర దొరికిన ఇంకా పెద్దది బారాపాసారస్ టాగోరై, అది కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, ఠాగూర్ శతజయంతి ఏడాది 1961 దాకా తవ్వకాలు జరిగాయి కాబట్టి ఆయన పేరు, శాస్త్రీయంగా ప్రచురించింది 1975లో. ఒక్క తొడ ఎముకే మనిషి ఎత్తు ఉంటుంది.

నాకు మాత్రం ఆ పెద్దవాటికంటే కోట పొరలో దొరికిన చిన్న పళ్ళు ఎక్కువ ఇష్టం. చిట్టెలుక సైజు క్షీరదాల పళ్ళు, కోటథీరియం అని ఒకటి, 1981లో వర్ణించారు, జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పేరు కలిపి కోటథీరియం హాల్డేనై అన్నారు. డైనోసార్ల కాళ్ళ కింద తిరిగిన మన దూరపు బంధువులు. ఆ పళ్ళు బయటపడాలంటే టన్నుల కొద్దీ మట్టిని నీళ్ళలో జల్లెడ పట్టాలి, మైక్రోస్కోప్ కింద ఏరాలి. ఎక్కడి మట్టి తేవాలో జియాలజిస్టు చెప్తాడు, ఆ పంటి మీద గుబ్బలు చూసి ఇది ఏం తినేదో జువాలజిస్టు చెప్తాడు.

కడపరాయి:
అన్నా గోదావరి గోదావరి అంటాండారు, మా సీమ వైపు కూడా చూడండప్పా. వేంపల్లె రాళ్ళలో స్ట్రోమటోలైట్స్ ఉండాయి, దాదాపు 190 కోట్ల ఏళ్ళవి. కంటికి కనపడని సూక్ష్మజీవులు తడి సముద్రం ఒడ్డున చాప మాదిరి పరుచుకుని, వాటి జిగురుకి సున్నపు బురద అతుక్కుని, పొర మీద పొర పెరిగి రాయి అయినవి. అడ్డంగా కోసిన రాయి మీద అలలు అలలుగా గీతలు కనిపిస్తాయి. అదే వేంపల్లె పొరలోనే తుమ్మలపల్లె యురేనియం ఉండాది. గాల్లో ఆక్సిజన్ పెరిగినాకే యురేనియం నీళ్ళలో కరిగి ప్రయాణం చేయగలిగింది, ఆ ఆక్సిజన్ ఎవరిచ్చింది, ఇట్లాంటి సూక్ష్మజీవులే. రాయి నుంచి జీవి వచ్చిందని చెప్తాం కానీ, ఖనిజం కూడా జీవి వల్ల మారిందని మా ఊర్లో చూపించొచ్చు.

రాతిపొరలు:
కడపరాయి గారూ, బాగా గుర్తుచేశారు. 240 కోట్ల ఏళ్ళ క్రితం ప్రాంతంలో గాల్లో ఆక్సిజన్ నిలవడం మొదలైంది, అంతకు ముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి అడుగున చేరింది. బళ్ళారి సండూరు వైపు చారల ఇనుప రాళ్ళు అంతకు ముందువే, వాటి మీద చర్చ ఇంకా ఉంది, కొంత ఆక్సిజన్ వల్ల, కొంత ఆక్సిజన్ లేకుండానే ఇనుముని వాడుకునే బాక్టీరియా వల్ల అని. రాబర్ట్ హేజెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2008లో తన బృందంతో ఒక లెక్క చెప్పాడు, భూమి మీద ఉన్న ఖనిజాల రకాల్లో మూడింట రెండు వంతులు నేరుగానో పరోక్షంగానో జీవుల వల్లే పుట్టాయని. జీవం లేని గ్రహం మీద మలాకైట్ లాంటి పచ్చ రాయి దొరకడం చాలా కష్టం, రాగి ఖనిజం గాల్లో ఆక్సిజన్‌కి తగిలితే కదా అది వచ్చేది.

డల్లాస్_నుంచి:
మరి చివరికి డైనోసార్లు పోయిన కథ? ఇక్కడ టెక్సాస్‌లో బ్రేజోస్ నది ఒడ్డున ఆ సరిహద్దు పొర ఉంది, మా పిల్లల స్కూల్లో ఉల్క పడింది, చచ్చాయి, అంతే అని నేర్పారు. ఇండియా వాళ్ళు లావా అంటారు. ఏది నిజం?

కాతేరు_కుర్రోడు:
దీనికి మా ఊరు రావాలండి 🙂 రాజమండ్రి పక్కనే కాతేరు. మా ఊళ్ళో క్వారీలో నల్ల రాయి, బసాల్టు. అది దక్కన్ లావాయే అంటారు, కానీ దక్కన్ లావా బయటికొచ్చిన చోటు పడమటి కనుమల వైపు కదా, ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైన. మా క్వారీలో రెండు లావా పొరలున్నాయి, వాటి మధ్యలో సున్నపురాయి, బంకమట్టి పొర ఉంటుంది, అందులో ఆల్చిప్పల గుల్లలు, గవ్వలు. గోదారికి అవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం వైపు క్వారీల్లో కూడా అంతే, అక్కడ లావాకి అడుగున ఉన్న పొరలో పొడుగ్గా మెలితిరిగిన గవ్వలు గుట్టలు గుట్టలు, టరిటెల్లా అంటారంట. మా తాతగారు చిన్నప్పుడు మాకు చూపించేవారు, ఇక్కడ సముద్రం ఉండేదిరా అని.

రాతిపొరలు:
మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ లావా పడినప్పుడు రాజమండ్రి సముద్రపు ఒడ్డు. అప్పటి నదీ లోయలు పట్టుకుని లావా తూర్పు సముద్రం దాకా వచ్చిందని, భూమి మీద మనకి తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చని 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం రాసింది. పైన పెంకు గట్టిపడి, లోపల వేడి పోకుండా పారుతూ ఉంటే అంత దూరం రావడం సాధ్యమే.

ఇక డల్లాస్ గారి ప్రశ్న. 1980లో అల్వారెజ్ తండ్రీ కొడుకులు, మరో ఇద్దరు కలిసి ఇటలీ గుబ్బియో దగ్గర సన్న బంకమట్టి పొరలో ఇరిడియం ఎక్కువ ఉందని కనిపెట్టారు, ఉల్కల్లో ఉండే లోహం అది. 1991లో మెక్సికో చిక్సులూబ్ దగ్గర సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గుంట అదే అని తేల్చారు. కాలం 6.6 కోట్ల ఏళ్ళు. దక్కన్ లావా కాలం కూడా అదే. ఇక్కడే పేచీ.

కాతేరు పొర ఎందుకు విలువైంది అంటే అది సముద్రపు పొర. దక్కన్‌లో మిగతా చోట్ల లావా నడుమ దొరికేవి ఎక్కువగా చెరువు పొరలు, వాటిల్లో చేపలు, మొక్కలు, నత్తలు ఉంటాయి కానీ ప్రపంచమంతా పోల్చగలిగే కాలం గుర్తులు ఉండవు. సముద్రపు పొరలో అయితే ఫొరామినిఫెరా ఉంటాయి, ఏకకణ జీవులు, ఇసుక రేణువంత సున్నపు గుల్ల. ఒక్కో రకం కొద్ది కాలమే బతుకుతుంది, సముద్రాలన్నిటా ఉంటుంది, అందుకే ఏ పొర ఎప్పటిదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్షి లేదు. కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్ బావుల్లో ఓఎన్‌జీసీ వాళ్ళు పొరలు గుర్తుపట్టేది కూడా వీటితోనే, చమురు కంపెనీకి జీవశాస్త్రం తెలిసిన మనిషి కావాల్సింది ఇందుకే. ప్రిన్స్‌టన్‌కి చెందిన గెర్టా కెల్లర్, మన దేశపు సునీల్ బాజ్‌పాయ్ వాళ్ళు 2008లో ఈ రాజమండ్రి క్వారీల పొరలు చూసి చెప్పింది, కింది లావాకి అడుగున క్రెటేషియస్, అంటే డైనోసార్ల ఆఖరి యుగం, చివరి జీవులు ఉన్నాయి, కింది లావాకీ పై లావాకీ మధ్యలో వినాశనం తర్వాత కొత్తగా పుట్టిన చిన్న చిన్న ఫొరామినిఫెరా ఉన్నాయి అని. అంటే డైనోసార్లు పోయిన ఆ సరిహద్దు కింది లావా దగ్గర్లోనే పడింది. తర్వాత కేజీ బేసిన్ బావుల్లోని రాతి నమూనాలు కూడా చూసి, లావా వల్లే జీవులు దెబ్బతిన్నాయని కెల్లర్ గట్టిగా వాదించింది.

జువాలజీ_మాస్టారు:
కెల్లర్ గారి వాదనకి అవతలి పక్షం కూడా బలంగా ఉంది మేడం, అది కూడా చెప్పాలి. 2019లో ఒకే సంచికలో రెండు బృందాలు దక్కన్ లావా కాలాన్ని చాలా సూక్ష్మంగా కొలిచి ప్రచురించాయి, ఒకరు యురేనియం సీసం పద్ధతి, ఇంకొకరు ఆర్గాన్ పద్ధతి. ఒకరు పెద్ద పొంగు వినాశనానికి కొంచెం ముందు మొదలైందన్నారు, ఇంకొకరు ఎక్కువ లావా ఉల్క పడ్డ తర్వాతే వచ్చిందన్నారు. 2020లో పిన్సెలీ హల్ బృందం సముద్రపు ఉష్ణోగ్రతల లెక్కలతో చెప్పింది ఏమిటంటే దక్కన్ వాయువుల్లో చాలా భాగం వినాశనానికి లక్షల ఏళ్ళ ముందే వెలువడి, ఆ వేడి మళ్ళీ తగ్గిపోయింది, చంపింది ఉల్కే అని. నా మటుకు నేను ఉల్క వైపే.

రాతిపొరలు:
మాస్టారూ, ఉల్క పడిందీ చంపిందీ నేను కాదనను. కానీ 25.2 కోట్ల ఏళ్ళ నాటి వినాశనానికి సైబీరియా లావా, ట్రయాసిక్ చివర 20 కోట్ల ఏళ్ళ నాటి దానికి అట్లాంటిక్ తెరుచుకున్నప్పటి లావా, ఇక్కడ దక్కన్ లావా. ఈ మూడు సార్లూ పెద్ద లావా వచ్చిన కాలంలోనే జీవులకి దెబ్బ తగిలింది, ఉల్క గుంట మాత్రం ఒక్కచోటే దొరికింది. దెబ్బతిని ఉన్న ప్రపంచం మీద ఉల్క పడింది అనే మాట నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. ఇందులో మీరూ నేనూ ఒప్పుకోనవసరం లేదు.

డల్లాస్_నుంచి:
ఇద్దరికీ థాంక్స్. పిల్లలకి కాతేరు గురించి చెప్తా, మా అమ్మమ్మగారి ఊరు కొవ్వూరే.

నల్లరేగడి_రైతు:
నేను ఆదిలాబాద్ జిల్లాల పత్తి ఏస్త. మా నల్లరేగడి గూడా ఆ లావా రాయి నుంచే అయింది అంటరు, నిజమేనా? మా చేన్ల లోతుకు తవ్వితే తెల్లగ సున్నపు కంకర వెళ్తది, అది ఏంది?

రాతిపొరలు:
నిజమే అన్నా. బసాల్టు రాయిలో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. వాన నీళ్ళు గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని మెల్లగా రాయిని తింటాయి, వేర్లు, మట్టిలోని సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాలు ఆ పనిని ఎన్నో రెట్లు తొందర చేస్తాయి. రాయి బంకమట్టి అవుతుంది, అందుకే మీ నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం బీటలు తీస్తుంది. కరిగిన కాల్షియం కొంత మీ చేలోనే కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆ తెల్ల కంకర అవుతుంది, మిగతాది గోదావరిలో పడి సముద్రానికి పోతుంది, అక్కడ గుల్ల జీవులు దాన్ని గుల్లగా కట్టుకుంటాయి, అవి చచ్చాక సున్నపురాయి. గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ చాలా కాలం పాటు రాయిలోకి పోయే పెద్ద దారుల్లో ఇదొకటి. భారత భూఖండం ఉత్తరానికి కదులుతూ భూమధ్యరేఖ దగ్గరి వానల పట్టీలోకి వచ్చినప్పుడు దక్కన్ రాయి అరిగిపోయే వేగం పెరిగిందని, గత 5 కోట్ల ఏళ్ళుగా భూమి మెల్లగా చల్లబడటంలో దానికీ వాటా ఉందని కొందరి వాదన. కాబట్టి లావా పొంగినప్పుడు వేడి చేసిన ఆ రాయే తర్వాత కోట్ల ఏళ్ళు చల్లబరిచే పని చేసింది.

నల్లరేగడి_రైతు:
మస్తు చెప్పినవ్ అక్కా. రేపటి సంది ఆ కంకర జూస్తే ఇదే యాదికొస్తది.

జువాలజీ_మాస్టారు:
భూఖండం కదిలిన మాట వచ్చింది కాబట్టి. 2003లో బిజు, బోసుయ్ కలిసి పడమటి కనుమల్లో ఊదా రంగు కప్పని వర్ణించారు, నాసికాబట్రాకస్. ఏడాదంతా భూమిలోనే ఉండి, వానలకి కొద్ది రోజులు మాత్రం పైకి వస్తుంది. దాని డీఎన్ఏ చూస్తే దగ్గరి చుట్టాలు సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి, హిందూ మహాసముద్రం అవతల. కప్ప ఉప్పునీళ్ళు ఈదలేదు. సీషెల్స్ మన భూఖండం నుంచి దక్కన్ లావా కాలంలోనే విడిపోయింది, ఆ రెండు వంశాల వేర్పాటు ఇంకా పాతది. డీఎన్ఏలో తేడాలు లెక్కపెడితే ఎవరు ఎవరికి చుట్టమో తెలుస్తుంది, కానీ ఎన్ని కోట్ల ఏళ్ళు అనాలంటే ఎక్కడో ఒకచోట కాలం తెలిసిన శిలాజంతో ఆ లెక్కని కట్టెయ్యాలి. సౌమ్యా, మీ సిలబస్‌లో మాలిక్యులర్ క్లాక్ అని ఉంటుంది చూడు, దానికి కీ ఇచ్చేది జియాలజీ.

సౌమ్య_బీజెడ్‌సీ:
ఇది మాకు పరీక్షకి కూడా పనికొస్తుంది సార్, కానీ ఇలా ఎవరూ చెప్పలేదు. ఒక్కటి అడగనా, డైనోసార్లు ఏం తినేవి మన దగ్గర? గడ్డి తినేవా? సినిమాల్లో గడ్డి మైదానాల్లో తిరుగుతుంటాయి.

రాతిపొరలు:
చాలాకాలం లేదు అనే చెప్పేవాళ్ళం, గడ్డి శిలాజాలు డైనోసార్లు పోయాక కాలానివే దొరికేవి కాబట్టి. ఆ మాట మార్చింది మన గోదావరి పరివాహక ప్రాంతమే. చంద్రపూర్ జిల్లా పిస్దురా అనే ఊరి దగ్గర లామెటా పొరలో, దక్కన్ లావాకి కాస్త ముందు, రాయిగా మారిన డైనోసార్ పేడ ముద్దలు దొరుకుతాయి. లక్నో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన వందనా ప్రసాద్ బృందం వాటిని కరిగించి చూస్తే లోపల గడ్డి ఫైటోలిత్‌లు కనిపించాయి. ఫైటోలిత్ అంటే గడ్డి తన కణాల్లో కట్టుకునే ఇసుక లాంటి సిలికా ముక్క, గడ్డి జాతిని బట్టి ఆకారం మారుతుంది, ఆకు కుళ్ళినా అది కుళ్ళదు. 2005లో ప్రచురించారు, కనీసం అయిదు రకాల గడ్డి ఉంది అందులో. 2011లో మళ్ళీ రాశారు, వాటిల్లో వరి తెగకి చెందినవి కూడా ఉన్నాయని. మనం తినే వరి కాదు, దాని పెద్ద కుటుంబపు తొలి చుట్టాలు, 6.6 కోట్ల ఏళ్ళ ముందే ఈ నేల మీద ఉన్నాయి.

కాతేరు_కుర్రోడు:
వామ్మో. కోనసీమ వాళ్ళకి చెప్పాలి ఇది అర్జెంటుగా.

గనిబిడ్డ:
మేడం, మా బిడ్డ తొమ్మిది చదువుతాంది, సైన్స్ ఫెయిర్ ఉన్నది. షేల్ ఆకు పెడదాం అనుకున్న. ఈ వరి ఫైటోలిత్ స్కూల్ మైక్రోస్కోప్‌ల కనవడ్తదా?

రాతిపొరలు:
రెండూ పెట్టించండి అన్నా. షేల్ ముక్క అయితే ఏ సీమ్ పైది, ఏ బెంచ్ మీదది అని రాసి పెట్టండి, మీరు సర్వే వాళ్ళు కాబట్టి మీకది తేలిక. ఆకు ఎంత అందంగా ఉన్నా ఏ పొరదో తెలియకపోతే కాలం చెప్పలేం.

ఫైటోలిత్ ఇంట్లోనే అవుతుంది. గుప్పెడు వరి పొట్టు, విడిగా కొన్ని ఎండిన వరి ఆకులు తీసుకుని, రేకు మీద పెట్టి బయట పొయ్యి మీద బూడిద తెల్లబడేదాకా కాల్చండి, నల్లగా ఉంటే కార్బన్ ఇంకా మిగిలి ఉన్నట్టు. ఆ బూడిదలో కొంచెం పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వెయ్యాలి, ఇది మాత్రం స్కూల్ ల్యాబ్‌లో టీచర్ దగ్గరుండి చెయ్యాలి, సున్నం ఉంటే పొంగి పోతుంది, సిలికా మిగులుతుంది. నీళ్ళతో మూడు నాలుగు సార్లు కడిగి, అడుగున తేరిన దాన్ని ఒక చుక్క స్లైడ్ మీద వేసి 400 రెట్లలో చూడమనండి. ఆకు బూడిదలో విసనకర్ర ఆకారం ముక్కలు, అంచున చేప పొలుసు లాంటి గుర్తులతో ఉంటాయి, పొట్టు బూడిదలో జంట శిఖరాల ముక్కలు. పక్కన జొన్న ఆకు బూడిద కూడా ఇంకో స్లైడ్ చేయించండి, ఆకారాల్లో తేడా పాపకే కనిపిస్తుంది, పిస్దురా వాళ్ళు పేడలో వరి తెగ అని గుర్తుపట్టింది ఇలాంటి తేడాలు చూసే.

గనిబిడ్డ:
ఆదివారం చేపిస్త మేడం. జొన్న చొప్ప మా అత్తగారింట్ల ఉన్నది. ఫోటోలు తీసి ఇక్కడే పెడ్త.